మొదటి బంతిలో ఎన్ని ఫాక్టోరియళ్ళు?

ఇంటర్ లో ఎంపీసీ చదివినవాళ్ళకి ఒక లెక్క గుర్తుండే ఉంటుంది. 'మాస్టర్' అనే ఇంగ్లీషు మాటలో ఉన్న ఆరు అక్షరాల్నీ ఎన్ని రకాలుగా మార్చి రాయొచ్చో అన్ని రకాలుగానూ రాసి, డిక్షనరీ వరసలో పెడితే, మాస్టర్ అన్నది ఎన్నో మాట అవుతుంది? మొత్తం మాటలు 720, మాస్టర్ ది 257వ స్థానం. దీన్నే 'ర్యాంకు' కనుక్కోవడం అనేవారు. ఆ రెండేళ్ళలో ర్యాంకు అనే మాటని భయం లేకుండా వాడింది ఈ ఒక్క లెక్కలోనే అనుకుంటా.

అదే చాప్టర్ లో ఇంకో రకం లెక్కలుండేవి. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు ఒక వరసలో కూర్చోవాలి, ఏ ఇద్దరమ్మాయిలూ పక్కపక్కన ఉండకూడదు, ఎన్ని విధాలు? జవాబు 1,440. (మా కాలేజీలో అయితే సున్నా. అమ్మాయిల క్యాంపస్ వేరే ఊళ్ళో ఉండేది.) ఈ లెక్కలు ఎన్ని చేశామో గానీ ఒక సంగతి అప్పట్లో తట్టలేదు. ఆ పుస్తకంలో మనుషులు భలే మంచివాళ్ళు. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటారు. "వాడి పక్కన నేనా?" అనరు. అలగరు. మధ్యలో లేచి వెళ్ళిపోరు.

మాది కోనసీమ, అమలాపురానికి దగ్గర్లో ఓ పల్లెటూరు. వరసలో మనుషులు అనగానే మాకు గుర్తొచ్చేది క్యూ కాదు, బంతి. (పట్నం స్నేహితుల కోసం: ఇది ఆడుకునే బంతి కాదు, భోజనాల పంక్తి.) పది ఆకులు వేశారనుకోండి. మొదటి ఆకు దగ్గర పదిమందిలో ఎవరైనా కూర్చోవచ్చు. అతను కూర్చున్నాక రెండో ఆకుకి తొమ్మిదిమంది మిగులుతారు, మూడో ఆకుకి ఎనిమిదిమంది. అలా గుణించుకుంటూ పోతే 10! అంటే 36,28,800 వరసలు. ఆ పదిమందే రోజూ మూడు పూటలా ఒక్కో పూట ఒక్కో కొత్త వరసలో కూర్చుని తింటూ పోతే, అన్ని వరసలూ అయ్యేసరికి 3,300 ఏళ్ళు దాటుతుంది. అప్పటికి వంటవాడి సంగతి దేవుడెరుగు.

ఇది ఎంత తొందరగా పెరుగుతుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జావాలో లాంగ్ తీసుకుంటే అందులో 20! వరకే పడుతుంది. 21వ మనిషి వచ్చి కూర్చున్నాడా, ఓవర్ ఫ్లో. మైనస్ లు వదిలేసి 64 బిట్లూ వాడుకున్నా కూడా 21! పట్టదు. మా వైపు పెళ్ళిళ్ళలో 21 ఆకుల బంతి అంటే "ఏంటండీ, మనుషులు రాలేదా?" అని అడుగుతారు.

ఆ 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 18446744073709551615. ఈ సంఖ్య మన రాజమండ్రికి పాత చుట్టం. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్ళూ నింపితే మొత్తం గింజలు సరిగ్గా అన్నే. ఆ మొత్తాన్ని అంకెలకి బదులు మాటలు వాడుతూ (చంద్రుడు అంటే 1, వేదాలు అంటే 4, ఆకాశం అంటే 0, ఇలా అన్నమాట) ఒక పద్యంలో బిగించినవాడు పావులూరి మల్లన అని చెబుతారు. మల్లనది రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కాలమని, అంటే 11వ శతాబ్దమని ఒక వాదం, కాదు ఆ తర్వాతివాడని ఇంకో వాదం. ఎలా చూసినా, తెలుగులో లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాసిన తొలివాడు ఆయనే. మన బ్యాచ్ లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? నాకైతే ఉద్యోగంలో చేరాకే తెలిసింది. లాంగ్ ఓవర్ ఫ్లో మీద ఏదో వెతుకుతూ ఎక్కడెక్కడికో వెళ్ళి ఈయన దగ్గర తేలాను.

మల్లన తెలుగు చేసింది మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని. మహావీరుడు 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ఉన్న జైనుడు. కొన్ని వస్తువుల్లోంచి కొన్నిటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో చెప్పే సూత్రాన్ని, ఇంటర్ లో మనం బట్టీపట్టిన ఎన్-సి-ఆర్ ని, ఏ సంఖ్యకైనా పనికొచ్చేలా ఇచ్చినవాడు. ఆయన ఇచ్చిన లెక్కల్లో ఒకటి చూసి ముచ్చటేసింది. వగరు, చేదు, పులుపు, కారం, ఉప్పు, తీపి, ఈ ఆరు రుచుల్ని కలిపి ఎన్ని రకాలు చేయొచ్చు? ఒక్కోటి విడిగా 6, రెండేసి 15, మూడేసి 20, మళ్ళీ 15, 6, చివరికి ఆరూ కలిపి 1. మొత్తం 63. ఆ చివరి ఒక్కటే మన ఉగాది పచ్చడి.

ఎంచుకోవడం అలా ఉంటే, వరసలో పెట్టడానికి నాకు నచ్చిన లెక్క భాస్కరాచార్యుడిది. 1150లో రాసిన లీలావతిలో అడుగుతాడు: పది చేతుల శివుడు పది ఆయుధాల్ని చేతులు మార్చి మార్చి పట్టుకుంటే ఎన్ని రూపాలు? నాలుగు చేతుల విష్ణువు శంఖం, చక్రం, గద, పద్మం మార్చి మార్చి పట్టుకుంటే ఎన్ని? శివుడికి మన పది ఆకుల బంతి లెక్కే, 36,28,800. విష్ణువుకి 24. ఆ 24 మనకి కొత్త కాదు. ఆచమనం చేస్తూ కేశవ, నారాయణ, మాధవ అని మొదలుపెట్టి చెప్పే నామాలు 24. ఏ చేతిలో ఏది ఉందన్నదాన్ని బట్టే మూర్తి పేరు మారుతుంది. వస్తువులు అవే, చేతులు అవే, వరస మారితే పేరు వేరు. మా తాతయ్య రోజూ చెప్పే ఆ నామాల వెనక 4! ఉందని తెలిసిన రోజు ఆయనకి చెబితే, "అందుకే కదురా 24" అన్నారు, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు.

అయితే ఆ 24 మూర్తుల్లో ఇది ఎక్కువ, ఇది తక్కువ అని లేదు. అన్నిటికీ ఒకే నమస్కారం. మనుషుల బంతి దగ్గరికొచ్చేసరికి ఆ సౌకర్యం పోతుంది.

ఫాక్టోరియల్ లో మొదటి అడుగు ఏమిటి? "మొదటి చోట ఎవరైనా కూర్చోవచ్చు." మా ఊళ్ళో ఏ పెళ్ళిలోనైనా ఈ మాట గట్టిగా అని చూడండి. మొదటి బంతి మగపెళ్ళివారిది. అందులో మొదటి ఆకు వియ్యంకుడిదో, వాళ్ళ ఇంటి పెద్దాయనదో. కొత్తల్లుడి పక్కన పాత అల్లుడిని కూర్చోబెట్టాలి, లేకపోతే పాత అల్లుడు ఆ ఏడాది సంక్రాంతికి రాడు. పదేళ్ళ కిందట పొలం గట్టు దగ్గర మాటలు అనుకున్న ఇద్దరిని ఎదురెదురు ఆకుల్లో వేయకూడదు. ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. కానీ వడ్డన దగ్గర నిలబడే పెద్దమనిషి ఒకాయన ఉంటారు చూడండి, కండువా భుజం మీద వేసుకుని "మీరు ఇటు రండి బావగారూ" అని మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంటారు, ఆయన తలలో మొత్తం లోడ్ అయి ఉంటుంది. అంత వేగంగా బ్యాక్ ట్రాకింగ్ చేసే కోడ్ నేను ఇంతవరకు రాయలేదు.

బంతి పెద్దది కాబట్టి చిన్న లెక్క ఒకటి చూద్దాం. మా చెల్లి పెళ్ళిలో ఒక గ్రూప్ ఫోటో. వరసలో ఎనిమిదిమంది: పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ఇద్దరి అమ్మానాన్నలు, అటువైపు నుంచి పెళ్ళికొడుకు బాబాయి, ఇటువైపు నుంచి మా పిన్ని. (నేను లేను. చెప్పులూ, గిఫ్టులూ కాపలా కాసే శాఖ నాది.) ఏ షరతూ లేకపోతే 8!, అంటే 40,320 వరసలు.

పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పక్కపక్కనే ఉండాలి కదా? 10,080కి వచ్చింది. పెళ్ళికూతురు ఎడమవైపే ఉండాలి, 5,040. ఇద్దరూ సరిగ్గా మధ్యలో ఉండాలి, 720. ఆడపెళ్ళివారు అమ్మాయి వైపు, మగపెళ్ళివారు అబ్బాయి వైపు, 36. తల్లిదండ్రులు పిల్లల్ని ఆనుకుని ఉండాలి, 4. తండ్రి కన్నా తల్లి దగ్గరగా ఉంటే బావుంటుంది, 1.

అయిపోయింది. నలభై వేల పైచిలుకు వరసలు, ఆరు మాటల్లో ఒక్కటయ్యాయి. విడివిడిగా చూస్తే ఏ మాటనీ తప్పు పట్టలేం. అన్నీ ముచ్చటైనవే. ఆ మిగిలిన ఒక్క వరసలో మా పిన్ని చివర ఉంది.

నన్నడిగితే ఆ ఆరు షరతులూ అక్కర్లేదు. పిన్ని ముందే చివరికి వెళ్ళి నిలబడింది. బాబాయి పోయి పదకొండేళ్ళయింది. అప్పట్నుంచి పెళ్ళి పందిట్లో తను ఎక్కడ ఉండాలో ఎవరూ పిన్నికి చెప్పక్కర్లేదు. తలంబ్రాల వేళకి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది. పసుపు కొట్టేటప్పుడు పక్కింట్లో ఉంటుంది. మా చెల్లిని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగింది పిన్నే. అమ్మ టీచరుగా వేరే ఊరు వెళ్ళొస్తుంటే, చెల్లికి జడలు వేసి బడికి పంపింది పిన్నే. మామూలుగా చూస్తే అమ్మ తర్వాత ఆకు తనదే కావాలి.

ఇంతలో ఫోటోగ్రాఫర్ కి ఆ వరస నచ్చలేదు. ఆయన బయటి మనిషి, మా వరసలూ వావులూ ఆయనకేం తెలుసు? ఆయన సార్ట్ చేసేది ఒకే ఒక్క కీ మీద, ఎత్తు. పొట్టివాళ్ళు మధ్యలోకి, పొడుగువాళ్ళు చివరలకి. "అమ్మా, మీరు.. ఆ చివర ఉన్నారే, మీరు ఇటు అమ్మాయి పక్కకి రండి" అన్నాడు. పిన్ని "నేను ఇక్కడే బావున్నాను బాబూ" అంది. మా పెద్దమ్మ ఒకావిడ వెనకనుంచి "ఆవిడ అక్కడే ఉంటుందిలేవయ్యా, నువ్వు కానీ" అంది. రెండు మూడు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. ఫోటోగ్రాఫర్ కి ఆ మౌనం అర్థం కాలేదు. "లైటు పడట్లేదండీ అక్కడ. మొహం నల్లగా వస్తుంది, మళ్ళీ నన్నంటారు" అన్నాడు. లైటు గురించి ఎవరు మాత్రం ఏమంటారు? మా చెల్లి చెయ్యి చాపి పిన్ని కొంగు పట్టుకుని లాగేసింది. ఆ ఫోటో ఇప్పుడు హాల్లో ఉంది. పెద్దమ్మ మా ఇంటికొచ్చినప్పుడల్లా దాని ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతుంది.

ఎత్తు అనే కీ న్యాయమైనదని నా ఉద్దేశం కాదు. పొడుగ్గా ఉంటే చివరికి తోస్తారు మరి. కానీ ఆ కీకి మనిషి గతం అక్కర్లేదు.

ఇక్కడ లెక్కల పుస్తకం అసలు ఎత్తని ప్రశ్న ఇంకోటుంది. ఎన్! లెక్క మొదలయ్యేది ఎన్ ఎంతో తేలాక. ఆ ఎన్ లో ఎవరెవరున్నారు? నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ కార్యమైనా కొబ్బరికాయలు దింపినవాళ్ళు, పందిరి రాటలు పాతినవాళ్ళు, అరటాకులు కోసుకొచ్చినవాళ్ళు పొద్దున్నుంచీ అక్కడే ఉండేవారు. మొదటి బంతి అయ్యేది, రెండోది, మూడోది. అన్ని బంతులూ లేచాక, ఆకులు ఎత్తేశాక, పెరటి వైపు వాళ్ళకి పెట్టేవారు. కొందరు గిన్నెలు తెచ్చుకుని పట్టుకెళ్ళేవారు. వాళ్ళు ఏ వరసలో ఎన్నో స్థానంలో ఉన్నారని అడగడానికే లేదు, వరసలోనే లేరు కాబట్టి. "కడుపునిండా పెట్టేవాళ్ళం" అంటారు మావాళ్ళు ఇప్పటికీ. నిజమే, పెట్టేవారు. నేను అడుగుతున్నది కూర్చోబెట్టడం గురించి.

ఎన్ లోంచి మనిషిని తీసేయడానికి మన భాషలో సొంత మాటే ఉంది: వెలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన ఇంట్లో మొదటి వితంతు వివాహం చేయించారు. నాలుగు రోజులకే రెండోది. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. పనివాళ్ళు రావడం మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్ళు మోసి వంట చేశారు. పెళ్ళి చేసుకున్నవాళ్ళనే కాదు, ఆ పెళ్ళికి వెళ్ళి భోజనం చేసినవాళ్ళని కూడా వెలివేశారు. ఒక పూట ఒక ఆకు ముందు కూర్చున్నందుకు మిగతా బంతులన్నిట్లోంచీ లేపేశారన్నమాట. స్కూల్లో ఈ పాఠం చదివినప్పుడు తారీఖు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆ బంతిలో కూర్చోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మాత్రం చెల్లి పెళ్ళి ఫోటో దగ్గర, ఆ రెండు మూడు క్షణాల్లో కొంచెం తెలిసింది. అక్కడ పోయేదేమీ లేదు, ఒక పెద్దమ్మ మూతి ముడుచుకోవడం తప్ప. అయినా మగాళ్ళం ఎవ్వరం నోరెత్తలేదు.

ఇక బఫే సంగతి. మా గోదారోళ్ళకి బఫే అంటే పడదు. "ప్లేటు పట్టుకుని అడుక్కోవడమేంటండీ" అంటారు. నాకూ బంతి భోజనమే ఇష్టం. పనసపొట్టు కూర ఇంకొంచెం వేయనా అని అడిగి వేసే మనిషి ఉంటే ఆ రుచే వేరు, ఇందులో వాదన లేదు. కానీ బఫే లైన్లో ఒక మంచి గుణం ఉంది, మనవాళ్ళు దాన్ని ఎప్పుడూ ఒప్పుకోరు. ముందొచ్చినవాడు ముందు. నా ముందున్నాయన ఎవరో నాకు తెలీదు, వెనకున్నావిడ ఎవరో తెలీదు. నిజం చెప్పాలంటే ఫాక్టోరియల్ పుస్తకంలో మనుషుల్లా ప్రవర్తించేది మనం అక్కడే, ఆ ప్లేటు చేతిలో ఉన్న పది నిమిషాలు. బంతి మర్యాద పోతోందని బాధపడేవాళ్ళు ఆ మర్యాద ఎవరెవరికి దక్కిందో కూడా ఒకసారి లెక్కేసుకోవాలి. ఏమంటారు?

వచ్చే మాఘమాసంలో మా నాన్న షష్టిపూర్తి. ఇంటి దగ్గరే, అరటాకుల్లోనే. పందిట్లో ఒక్కో బంతికి 22 ఆకులు పడతాయి. సీటింగ్ బాధ్యత నాకిచ్చారు, సాఫ్ట్ వేర్ కదా అని. మొదట ఫిషర్-యేట్స్ షఫుల్ పెట్టి చీటీలు ప్రింట్ తీద్దామనుకున్నాను. (ఇందులో ఒక తమాషా. జావాలో మామూలు రాండమ్ సీడ్ 48 బిట్లు. 16 మంది దాటితే ఉన్న వరసలన్నీ అది పుట్టించనే లేదు. 22 ఆకులకి ఇంకాస్త మంచి రాండమ్ కావాలి.) నాన్న విని నవ్వి, "మొదటి ఆకు తాతయ్యది. మిగతాది నీ ఇష్టం" అన్నారు. పందిరి వేసేవాళ్ళు ఆరుగురు, వాళ్ళ పేర్లు కూడా లిస్టులో కలిపాను. నాన్న ఆ ఆరు పేర్ల దగ్గర కాసేపు ఆగి, ఏమీ అనకుండా కాగితం తిరిగి ఇచ్చేశారు. దాన్ని అంగీకారంగానే తీసుకున్నాను.

పిన్ని విషయంలో మాత్రం షఫుల్ పనిచేయదు. ఎన్నో ఆకు వచ్చినా తను లేచి ఎవరికో ఇచ్చేసి చివరికి వెళ్ళిపోతుంది. ఆ కండిషన్ నా కోడ్ లో లేదు, పిన్నిలో ఉంది. అందుకని రాండమ్ పక్కన పెట్టి, రెండో ఆకు దగ్గర పిన్ని పేరు చేత్తో రాశాను, తాతయ్య పక్కన. తన నాన్న పక్కనుంచి లేచి వెళ్ళదు కదా అని నా ధీమా.

మొన్న ఫోన్ చేసి చెప్పాను. "నేను కూర్చుంటే వడ్డన ఎవరు చూస్తార్రా?" అంది.

కేటరింగ్ వాళ్ళు ఎనిమిదిమంది వస్తున్నారని చెప్పాను. "వాళ్ళకి నెయ్యి వెయ్యడం తెలీదు" అంది. ఇంకా ఒప్పుకోలేదు.